ఉసిరికాయంత గ్రంథి, కొండంత మొహమాటం

మూడేళ్ల కిందట మా మేనమామను మూత్రవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రాత్రిపూట నాలుగైదుసార్లు లేవవలసి వస్తోందని ఆయన బాధ. డాక్టరు కాసేపు మాట్లాడి, తెర చాటుకు తీసుకెళ్లి, గ్లోవ్ తొడుక్కుని వేలితో పరీక్ష చేసి పంపించేశారు. ఆ పరీక్షకు నిమిషం పట్టలేదు. బయటికి వచ్చిన మామయ్య పంచె సర్దుకుంటూ ఎవరి ముఖమూ చూడలేదు. కారెక్కాక ఊరు దాటేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత, "ఎన్ని మాత్రలైనా మింగుతాను గాని అల్లుడూ, ఆ పరీక్ష మాత్రం ఈ జన్మకు మళ్లీ వద్దు" అన్నారు.

ఆయన తెర వెనక ఉన్న ఆ నిమిషంలో నేను డాక్టరు బల్ల మీది ప్లాస్టిక్ బొమ్మను తిప్పి చూస్తూ కూర్చున్నాను. నడుము కింది భాగాన్ని నిలువునా కోసి చూపించే నమూనా అది. ముందువైపు మూత్రాశయం, వెనకవైపు పురీషనాళం, రెండింటి మధ్య ఇరుక్కుని ఒక చిన్న ముద్ద. చేతులు కడుక్కుని వచ్చిన డాక్టరు నా చేతిలోని బొమ్మను చూసి, "అదే ప్రోస్టేట్. మామూలుగా పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. మీ మామయ్యగారిది నిమ్మకాయంత అయింది" అన్నారు.

అదే గ్రంథిని, అదే దారిలో, అదే వేలితో తాకితే కొందరు మగవాళ్లకు ఒళ్లంతా పాకే సుఖం కలుగుతుంది. ఇదీ నిజమే, మా మామయ్య మాటా నిజమే. ఒకే చోటు, ఒకే తాకిడి. ఒకరికి చచ్చేంత సిగ్గు, ఇంకొకరికి సుఖం. ఈ రెండూ ఎలా పొసుగుతాయో తెలిస్తే, సుఖం కోసం చేసే ఈ ప్రోస్టేట్ మర్దనను కొత్తగా ప్రయత్నించి చూద్దామనుకునేవారికి కావలసినదాంట్లో సగం తెలిసినట్టే. మిగతా సగం గోళ్లు, జెల్లు, ఓపిక.

ముందు ఆ ముద్ద సంగతి

తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని పౌరుష గ్రంథి అంటారు. వాడుకలో అందరూ ప్రోస్టేట్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అదే అంటాను. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళాన్ని ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. వయసులో ఉన్న మగవాడిలో దాని బరువు ఇంచుమించు 20 గ్రాములు. నడివయసు దాటాక చాలామందిలో మెల్లగా పెరుగుతుంది. మధ్యలోనుంచి పోయే మూత్రనాళం అప్పుడు నలుగుతుంది. రాత్రి లేచి లేచి తిరగడానికి కారణం ఇదే.

దాని అసలు ఉద్యోగం సంతానానికి సంబంధించింది. వీర్యంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇది తయారుచేసే పలుచని, పాలవంటి ద్రవమే. ఎక్కువ భాగం పక్కనే ఉండే శుక్రాశయాల నుంచి వస్తుంది. వృషణాల నుంచి వచ్చే శుక్రకణాల వాటా పరిమాణంలో చాలా తక్కువ. స్ఖలనం అయిన వెంటనే చిక్కగా ఉండే వీర్యం కొంతసేపటికి నీరుగారుతుంది కదా, ఆ పని చేసేది ప్రోస్టేట్ వదిలే పీఎస్ఏ అనే ఎంజైము. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు రక్తంలో కొలిచేదీ దాన్నే.

ఇక మనకు కావలసిన విషయం. పురీషనాళానికీ ప్రోస్టేట్‌కూ మధ్య ఉండేది పలుచని గోడ మాత్రమే. మలద్వారం నుంచి లోపలికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో, బొడ్డు వైపు ఉన్న గోడ మీద వేలు ఆనిస్తే అది తగులుతుంది. వెన్నెముక వైపు ఎంత వెతికినా ఏమీ ఉండదు. కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు దిక్కు తప్పడమే.

తగిలితే ఎలా ఉంటుంది? వైద్య విద్యార్థులకు నేర్పే ఒక చిట్కా ఉంది. మీ బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి, బొటనవేలి మొదట్లో అరచేతి మీద ఉబ్బిన కండను రెండో చేతి వేలితో నొక్కి చూడండి. మరీ మెత్తగా ఉండదు, గట్టిగానూ ఉండదు, రబ్బరులా వెనక్కి తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ ఇంచుమించు అలాగే ఉంటుంది. నడుమ నిలువుగా చిన్న గాడి, దానికి అటూ ఇటూ రెండు ఉబ్బులు. వేలి కణుపులా రాయిలాంటి గట్టి గడ్డ తగిలితే అది సుఖాల సంగతి కాదు, డాక్టరుకు చూపించవలసిన సంగతి.

మీట నొక్కితే వెలిగే దీపం కాదు

ఇంటర్నెట్లో దీన్ని "మగవాళ్ల జి స్పాట్" అని రాస్తారు. స్త్రీలకు యోని లోపల తాకితే ప్రత్యేకంగా సుఖమిస్తుందని చెప్పుకునే చోటుకు జి స్పాట్ అని పేరు. నాకు ఈ పోలిక నచ్చదు. అక్కడో మీట ఉందని, నొక్కగానే దీపం వెలుగుతుందని ఆశ పెడుతుంది. వెలగకపోతే తమలోనే ఏదో లోపం ఉందని మనిషి కుంగిపోతాడు. పోలికలో కొంత నిజం లేకపోలేదు. గర్భస్థ శిశువులో ప్రోస్టేట్ ఏ కణజాలం నుంచి తయారవుతుందో, స్త్రీలలో మూత్రనాళం చుట్టూ ఉండే స్కీన్ గ్రంథులు కూడా దాని నుంచే తయారవుతాయి. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు వాటిని స్త్రీ ప్రోస్టేట్ అని కూడా అంటారు. చుట్టరికం ఉంది. మీట మాత్రం లేదు.

ఉన్నది నాడుల వల. లింగ స్తంభనకు కారణమైన నాడులు ప్రోస్టేట్ పక్కల నుంచే, దానికి అంటుకున్నట్టుగా వెళతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఎక్కువమందికి స్తంభన ఎందుకు పోతోందో చాలాకాలం ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. ఆ నాడులు ఏ దారిన వెళుతున్నాయో గుర్తించి, వాటిని కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతిని అమెరికా వైద్యుడు పాట్రిక్ వాల్ష్ 1982లో మొదలుపెట్టాడు. అంటే ఈ చిన్న ముద్ద చుట్టూ ఇంత ముఖ్యమైన తీగలున్నాయని వైద్యశాస్త్రం వివరంగా తెలుసుకున్నదే నిన్నగాక మొన్న.

ఆ తీగల్లో ఒక గమ్మత్తుంది. చర్మం నుంచి వచ్చే కబురు స్పష్టంగా ఉంటుంది. చీమ ఎక్కడ కుట్టిందో కళ్లు మూసుకుని చెప్పగలం. లోపలి అవయవాల నుంచి వచ్చే కబురు అలా ఉండదు, మసకగా ఉంటుంది. కడుపులో నొప్పి వస్తే సరిగ్గా ఎక్కడో వేలు పెట్టి చూపలేం. ప్రోస్టేట్ మీద వేలు ఆనినప్పుడు మెదడుకు చేరేదీ అలాంటి మసక కబురే. పక్కనే మూత్రాశయం కూడా ఉంది కాబట్టి, మెదడు తనకు అలవాటైన అర్థమే తీస్తుంది: మూత్రం వస్తోంది! మొదటిసారి ప్రయత్నించిన వారిలో చాలామందికి తెలిసేది ఇంతే. "ఇందులో ఏముంది, బాత్రూముకు పోవాలనిపించింది, ఆపేశాను" అంటారు. వాళ్లు సరైన చోటికే చేరారు, కాకపోతే ఆ కబురును ఇంకో రకంగా చదవడం మెదడుకు ఇంకా రాలేదు.

బ్రిటన్‌కు చెందిన లైంగిక శరీరధర్మ శాస్త్రవేత్త రాయ్ లెవిన్ 2018లో ఈ విషయం మీద ఒక సమీక్ష రాశాడు. ప్రోస్టేట్ ద్వారా కలిగే భావప్రాప్తి నిజమేనని, అయితే అది శరీరంలో ఎలా కలుగుతుందో, లింగం ద్వారా కలిగేదానికంటే గాఢంగా ఉందని కొందరు ఎందుకంటారో ఇంకా తెలియదని తేల్చాడు. చంద్రుడి మట్టిని తెచ్చి పరీక్షించిన మనిషి, ఎంతోమంది మగవాళ్లు ఏదో ఒక వయసులో డాక్టరు దగ్గర చర్చించే గ్రంథి గురించి ఇంత తక్కువ వెతికాడంటే, దానికి ఆ దారి మీద ఉన్న సిగ్గు తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

ఒక్కటి మాత్రం ఖాయంగా తెలుసు. భావప్రాప్తి, స్ఖలనం ఒకటి కావు. మామూలుగా జంటగా వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. స్ఖలన సమయంలో ప్రోస్టేట్, దాని చుట్టూ ఉన్న కటి కండరాలు లయగా ముడుచుకుంటాయి. ఆ సంకోచాల మధ్య వ్యవధి మొదట్లో సుమారు 0.8 సెకన్లని అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1966లోనే లెక్కకట్టారు. మర్దనలో ఆ కండరాల లయ స్ఖలనం లేకుండా కూడా మొదలుకావచ్చు. అందుకే కొందరు అలల్లా మళ్లీ మళ్లీ వస్తుందంటారు. కొందరికి ఏమీ రాదు, హాయిగా మాత్రం ఉంటుంది. ఇంకొందరికి ఆ హాయి కూడా ఉండదు. ఈ మూడూ మామూలే.

వైద్యుల మర్దన వేరు

ఈ విషయం వెతికేవారిని గజిబిజి చేసేది ఇంకొకటుంది. ప్రోస్టేట్ మర్దన అనే మాట వైద్యపుస్తకాల్లోనూ కనిపిస్తుంది. యాంటీబయోటిక్స్ రాకముందు, వచ్చిన కొత్తలో కూడా, ప్రోస్టేట్ దీర్ఘకాలపు వాపుకు డాక్టర్లు వారానికి రెండు మూడుసార్లు వేలితో నొక్కి లోపలి ద్రవాన్ని బయటికి తెప్పించేవారు. 1968లో మియర్స్, స్టేమీ అనే ఇద్దరు వైద్యులు ఇన్ఫెక్షన్ ఎక్కడుందో తేల్చడానికి ఒక పరీక్ష రూపొందించారు. మర్దనకు ముందూ తర్వాతా మూత్రాన్ని, నడుమ వచ్చిన ప్రోస్టేట్ ద్రవాన్ని విడివిడిగా పరీక్షించడం అందులోని పద్ధతి. వెన్నుపూస దెబ్బతిన్నవారికి పిల్లలు కావాలంటే వీర్యం సేకరించడానికి కూడా మర్దన ఒక మార్గం. పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఇంకో ఉదాహరణ చెప్పవచ్చు. ఆబోతుల నుంచి వీర్యం సేకరించే పద్ధతుల్లో పశువైద్యుడు పురీషనాళంలో చేయి పెట్టి లోపలి గ్రంథులను మర్దన చేయడం ఒకటి. ఎద్దును ఎవరూ వెక్కిరించరు.

వైద్యం పేరు ఉంది కదా అని అమ్మకందారులు ఊరుకోరు. ప్రోస్టేట్‌లోని "విషాలు" పోతాయని, క్యాన్సర్ రాదని, పురుషత్వం పెరుగుతుందని రాస్తారు. క్యాన్సర్ మాటకు వాళ్లు ఎత్తిచూపేది ఎక్కువగా 2016లో వచ్చిన హార్వర్డ్ అధ్యయనం. అందులో తేలింది, నెలకు 21 సార్లు, అంతకంటే ఎక్కువ స్ఖలనం అయ్యే మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్, నెలకు 4 నుంచి 7 సార్లు అయ్యేవారికంటే సుమారు 20 శాతం తక్కువగా కనిపించిందని. లెక్కించింది స్ఖలనాలను, మర్దనలను కాదు. పైగా అది కనిపించిన సంబంధమే, కారణమని రుజువైనది కాదు. వేల ఏళ్ల నాటి తూర్పు దేశాల రహస్య విద్య అనే ప్రచారానికి కూడా గట్టి ఆధారం చూపినవారిని నేనింతవరకు చూడలేదు. సుఖం కోసం చేసేదాన్ని సుఖం కోసమే చేయవచ్చు. దానికి మందు చీటీ అక్కర్లేదు.

ఇక చాలామంది మనసులో ఉండి నోటితో అడగని ప్రశ్న: ఇది ఇష్టమైతే స్వలింగ సంపర్కులమా? నాడులకు ఆ సంగతి తెలియదు. ఎవరి మీద మనసు పోతుందన్నది ఒక విషయం, ఒంట్లో ఎక్కడ తాకితే బాగుంటుందన్నది ఇంకో విషయం. స్త్రీలను ఇష్టపడే మగవాడు భార్య వేలితో సుఖపడితే అతని మనసేమీ మారిపోదు. స్వలింగ సంపర్కులకైతే ఈ ప్రశ్నే లేదు. పెద్దల మధ్య ఇష్టపూర్వకంగా జరిగేది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

మొదలుపెట్టడం ఎలా

ముందు ఎవరు మొదలుపెట్టకూడదో చెబుతాను. జ్వరం, చలి, మూత్రంలో మంట, నడుము కింద నొప్పి ఉంటే అది ప్రోస్టేట్‌కు సోకిన తీవ్రమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు మర్దన చేస్తే సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కే ప్రమాదం ఉంది. డాక్టర్లు కూడా అప్పుడు నొక్కరు. మొలలు రక్తం కారుతున్నా, మలద్వారం వద్ద చీలిక ఉన్నా అవి మానేదాకా ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఈమధ్యే ప్రోస్టేట్‌కు బయాప్సీయో శస్త్రచికిత్సో జరిగినవారు డాక్టరును అడగకుండా చేయకూడదు. క్యాన్సర్ ఉందని తెలిసినా, అనుమానం ఉన్నా అంతే.

ఇవేవీ లేవనుకుందాం. మా మామయ్యకు ఆ రోజు ఎందుకంత బాధ కలిగిందో తెలిస్తే తక్కిన దారి దానంతటదే తెలుస్తుంది. మలద్వారానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు కండర వలయాలుంటాయి. బయటిది మన మాట వింటుంది. బిగించమంటే బిగిస్తుంది, వదలమంటే వదులుతుంది. లోపలిది వినదు. అది తన ఇష్టం. భయపడితే, సిగ్గుపడితే, హడావిడిగా నెడితే ఇంకా బిగుసుకుంటుంది. ముక్కూముఖం తెలియని మనిషి, చల్లని బల్ల, ట్యూబులైటు వెలుగు, అర నిమిషం వ్యవధి. లోపలి కండరం బిగుసుకోక ఏం చేస్తుంది? దాన్ని బతిమాలడమే ఈ కళలో ముప్పాతిక వంతు. మొదటి రోజుల్లో గురి ప్రోస్టేట్ మీద పెట్టకండి. నొప్పి లేకుండా వేలు కాసేపు ఉండగలిగితే చాలు, అదే ఆ రోజు సాధించింది.

మలవిసర్జన అయ్యాక ఒక గంట ఆగి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే శుభ్రతకు అంతే చాలు. మలం వచ్చే వేళ తప్ప మిగతా సమయంలో పురీషనాళపు చివరి భాగం సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. సబ్బు నీళ్లు ఎక్కించడం లాంటివి లోపలి పొరను మండిస్తాయి. మొదలుపెట్టే ముందు మూత్రం పోసుకోవడం మరవవద్దు. తర్వాత మూత్రం వస్తున్నట్టు అనిపించినప్పుడు, అది అనిపించడమే తప్ప నిజం కాదని మీకు మీరు చెప్పుకోగలగాలి.

గోళ్లు. పొట్టిగా కత్తిరించడం చాలదు. అంచులు అరగదీసి, ఆ వేలితో మీ పెదవి లోపలి భాగాన్ని తాకి చూసుకోండి. అక్కడ గీరుకుంటే లోపలా గీరుకుంటుంది. మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ గ్లోవ్ తొడుక్కుంటే గోరు బాధా, మొహమాటమూ రెండూ సగానికి తగ్గుతాయి.

జెల్ విషయంలో మనవాళ్లు పిసినారితనం చూపిస్తారు. యోని లాగా పురీషనాళం తనంతట తాను తడి ఊరదు. ఉమ్మి క్షణాల్లో ఆరిపోతుంది. నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్ అన్నిటికీ పనికొస్తుంది, ఆరినప్పుడల్లా మళ్లీ రాయాలి. మన ఇళ్లలో అందరి చేతికీ మొదట తగిలేది కొబ్బరినూనె. వట్టి వేలికి, నైట్రైల్ గ్లోవ్‌కు అది ఫర్వాలేదు. లేటెక్స్ గ్లోవ్ గాని, మామూలు కండోమ్ గాని వాడుతుంటే మాత్రం నూనె దగ్గరికి రాకూడదు. నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది. నొప్పి తెలియకుండా చేసే మత్తు క్రీములు అసలే వద్దు. నొప్పి అనేది అక్కడ కాపలా కుక్క. దాన్ని నిద్రపుచ్చి లోపలికి వెళితే ఏం విరిగిందో తర్వాత గాని తెలియదు.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, నడుము కింద దిండు పెట్టుకోవడం ఒక పద్ధతి. పక్కకు ఒత్తిగిలి పై మోకాలిని పొట్ట దగ్గరికి తెచ్చుకోవడం ఇంకొకటి. ఒంటరిగా చేసుకునేవారికి మణికట్టు మెలిపడి తొందరగా నొప్పి పుడుతుంది, వేలు చాలినంత లోపలికి అందదు. వంపు తిరిగిన సాధనాలు పుట్టింది అందుకే. భాగస్వామి ఉంటే ఆ బాధ లేదు.

మొదట లోపలికి వెళ్లే పనే పెట్టుకోవద్దు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న చోటును వేళ్లతో మెల్లగా నొక్కుతూ ఉండండి. ప్రోస్టేట్‌ను బయటి నుంచి పలకరించడం అది. తర్వాత జెల్ రాసిన వేలి మెత్తని భాగాన్ని ద్వారం మీద ఆనించి ఉంచండి. తోయవద్దు. దీర్ఘంగా ఊపిరి పీల్చి, వదులుతూ, మలవిసర్జనకు చేసినట్టు కొద్దిగా ముక్కితే బయటి కండరం వదులవుతుంది. వేలు మొదటి కణుపు దాకా దానంతటదే జారుతుంది. అక్కడ ఆగండి. లోపలి కండరం ఒకసారి పట్టి చూస్తుంది. కదలకుండా ఉంటే అర నిమిషంలోనో నిమిషంలోనో పట్టు సడలడం వేలికి తెలుస్తుంది. సడలకపోతే ఆ రోజుకు బయటికి వచ్చేయండి.

పట్టు సడలాక, ఇంకొంచెం లోపలికి పోనిచ్చి, వేలి మెత్తని వైపును బొడ్డు దిక్కుకు తిప్పాలి. ఇక్కడ ఆంగ్ల వ్యాసాలన్నీ "ఇలా రా అని పిలిచినట్టు వేలు ఆడించండి" అని రాస్తాయి. మనం మనిషిని పిలిచేటప్పుడు అరచేయి నేలకు తిప్పి నాలుగు వేళ్లూ ఊపుతాం, ఒక్క వేలు ముడిచి పిలిస్తే అవతలివాళ్లు తిడతారు. కాబట్టి ఆ పోలిక వదిలేద్దాం. గిన్నె అంచుకు పేరుకున్న నెయ్యిని గీరకుండా వేలితో తీసుకుంటామే, అదీ కదలిక. ఎంత ఒత్తిడి? మామిడిపండు పండిందో లేదో, డాగు పడకుండా చూసేంత. రబ్బరులాంటి ఉబ్బు తగిలాక నడుమ గాడి మీదే పొడవకుండా, అటొక ఉబ్బు, ఇటొక ఉబ్బు మీద మెల్లగా నిమురుతూ ఉండాలి. ఒక్కోసారి కదలిక కంటే కదలకుండా ఆనించి ఉంచడమే ఎక్కువ పనిచేస్తుంది. ఆ సమయంలో కటి కండరాలను, మూత్రం మధ్యలో ఆపేటప్పుడు బిగించినట్టు, బిగించి వదులుతుంటే గ్రంథే వచ్చి వేలికి ఒత్తుకుంటుంది.

మూత్రం వస్తున్నట్టు అనిపించే దశలో ఆగిపోకుండా, ఊపిరి మీద దృష్టి పెట్టి రెండు నిమిషాలు ఉండగలిగితే, ఆ భావన రంగు మారడం కొందరికి తెలుస్తుంది. కొందరికి పదిసార్లు ప్రయత్నించాక తెలుస్తుంది. ఈలోగా అంగస్తంభన ఉండవచ్చు, పూర్తిగా పోనూవచ్చు. పోయిందని కంగారుపడి ఆపేవాళ్లున్నారు, అక్కర్లేదు. పలుచని ద్రవం కొన్ని చుక్కలు రావచ్చు. లింగాన్ని కూడా తాకుతూ చేస్తే తెలిసిన సుఖం తెలియని సుఖాన్ని వెంటబెట్టుకు వస్తుంది కాబట్టి కొత్తలో ఆ దారి సులువు. పది పదిహేను నిమిషాలు చాలు. మళ్లీ ప్రయత్నించడానికి నాలుగైదు రోజులు ఆగండి. ఆ పొర చాలా సున్నితమైంది.

తర్వాత కాసేపు మలం వస్తున్నట్టు అనిపించడం, కొంచెం జిగురు కనిపించడం సహజం. రక్తం ఆగకుండా కారినా, మరునాటికీ నొప్పి తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏం చేశారో దాచకుండా చెప్పాలి. వాళ్లు ఇంతకంటే వింతలు చూసి ఉంటారు. అక్కడ పెట్టిన వేలిని కడగకుండా యోని దగ్గరికి గాని, నోటి దగ్గరికి గాని తీసుకువెళ్లకూడదన్నది మాత్రం ఏ తమకంలోనూ మరవకూడని సంగతి. పేగులోని సూక్ష్మజీవులు అక్కడ ఉన్నంతసేపే మంచివి.

సాధనాలు, భాగస్వాములు

వేలితో అలవాటయ్యాక సాధనం కొనాలనుకుంటే చూడవలసింది దాని అడుగు భాగం. అది వెడల్పుగా, లోపలికి జారిపోలేనంతగా ఉండాలి. యోనికి లోపల ఒక ముగింపుంది. పురీషనాళానికి లేదు, అది పెద్దపేగుకు దారి. లోపలికి జారిన వస్తువు వెనక ఆ కండర వలయాలు తలుపు మూసుకుంటాయి. సీసాలు, కొవ్వొత్తులు, కూరగాయలు లోపల చిక్కుకుని అర్ధరాత్రి అత్యవసర విభాగానికి వచ్చేవాళ్ల కథలు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉంటాయి. సిలికోన్‌తో చేసినదైతే ఉడకబెట్టి శుభ్రం చేయవచ్చు. మోటారు ఉన్నవాటిని మాత్రం ఉడకబెట్టకూడదు. సిలికోన్ సాధనానికి సిలికోన్ జెల్ వాడితే పైపొర చెడుతుంది కాబట్టి నీటి జెల్లే వాడాలి. ఇలాంటివి తెప్పించుకోవడం నేరమేమోనని భయపడేవారికి ఒక మాట. విదేశాల నుంచి వచ్చిన బాడీ మసాజర్లను అశ్లీల వస్తువులంటూ కస్టమ్స్ వాళ్లు ఆపితే, అలా అనుకోవడం కుదరదని 2024లో బొంబాయి హైకోర్టు చెప్పింది.

సాధనం కంటే కష్టమైనది భాగస్వామికి చెప్పడం. పెళ్లయి పదేళ్లయినా భార్యతో ఈ మాట ఎత్తలేనివారు ఎంతోమంది. పడక మీద, మధ్యలో, ఉన్నట్టుండి అడగడం కంటే, ఏ సాయంత్రమో ఇద్దరే ఉన్నప్పుడు "ఇలాంటిదొకటి చదివాను, నీకెలా అనిపిస్తోంది?" అని మొదలుపెట్టడం నయం. ఆమె అసహ్యపడవచ్చు, నవ్వవచ్చు, ఆలోచిస్తాననవచ్చు. వద్దంటే వద్దు. ఒప్పుకున్నా, చేసేవారికీ చేయించుకునేవారికీ ఏ క్షణమైనా ఆపమనే హక్కుంది. వేలు ఎవరిదైనా లోపల ఏం తెలుస్తోందో చెప్పగలిగేది రెండోవారే కాబట్టి, కొంచెం కింద, కొంచెం మెల్లగా అని నోరు తెరిచి చెప్పక తప్పదు. మన మగవాళ్లకు ఈ నోరు తెరవడమే మర్దన కంటే పెద్ద సాధన. నా అనుభవమా? అది మా ఇంటి విషయం.

ఇంకొక్క జాగ్రత్త. పీఎస్ఏ పరీక్ష చేయించుకోబోయేవారు అంతకు ముందు రెండు రోజులు స్ఖలనానికి దూరంగా ఉండాలి. సైకిలు మీద దూరాలు వెళ్లినా, మర్దన చేసినా ఆ అంకె పెరిగే అవకాశం ఉంది. లేనిపోని బయాప్సీల దాకా పోకుండా ఉండాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

ఇది నాకు తెలిసింది కూడా మామయ్య వల్లే. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షకు వెళ్లవలసి వచ్చినప్పుడు ల్యాబు వాళ్లు ఇచ్చిన చీటీని ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో గట్టిగా చదివారు. సైకిలు దగ్గర తలూపి, రెండో మాట దగ్గర ఆగి, "ఇది నాకేనా, వేరే ఎవరి చీటీ అయినా ఇచ్చారా?" అన్నారు. లోపల వంటింట్లో అత్తయ్య నవ్వు వినిపించింది.

ఈసారి వేరే డాక్టరు. వయసులో చిన్నవాడు. తెర వెనక నుంచి అతని గొంతు నాకు వినబడుతూనే ఉంది. "పక్కకు తిరిగి పడుకోండి, మోకాళ్లు పొట్టకు ఆనించండి. తొందరేం లేదు. ఊపిరి పీల్చండి, ఇప్పుడు మెల్లగా వదలండి. ఇంకోసారి. కొంచెం ముక్కండి." కాసేపు నిశ్శబ్దం. తర్వాత మామయ్య గొంతు.

"ఏమిటి బాబూ, ఇంకా మొదలుపెట్టలేదా?"

"అయిపోయిందండీ" అన్నాడు డాక్టరు.